పొయ్యి కొట్టం
మా రాయదుర్గం పల్లెల్లో చవిటి మిద్దె లోపలే వంట. పొగకు గవాచి ఒక్కటే దారి. అవ్వకు దగ్గు ముదరడంతో పొయ్యిని పెరట్లోకి మార్చాము.

తుమ్మ గుంజలు పాతి, వెదురు దబ్బలు కట్టి, బోదగడ్డి కప్పాము. ఆషాఢపు పడమటి గాలి మామూలుది కాదు. దాన్ని నమ్ముకొనే కదా రామగిరిలో గాలిమరలు నిలిపారు! అందుకే పడమర, దక్షిణం మట్టిగోడతో మూసి, తూర్పు తెరిచాము.

వేరుశనగ పొట్టు మంటకు రవ్వలు లేస్తాయి. గడ్డి అంటుకొంటే ఇల్లే పోతుంది గనుక కప్పు లోపలి వైపు మట్టి, పేడ కలిపి మెత్తాము.

"తాగేదానికే నీళ్లు లేకుంటే మట్టికి పోస్తారా?" అని అవ్వ కోప్పడింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో ఆ మాట న్యాయమే. బట్టలుతికిన నీళ్లతోనే మట్టి తొక్కాము.

ఇప్పుడు సంగటి అక్కడే కెలుకుతుంది. దేవుని దయవలన రాత్రిళ్లు దగ్గు తగ్గింది, పూర్తిగా పోలేదు.