కాల్షియం కంటే ముందు

ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జబ్బు పేరు తామే చెప్పేస్తారు: "కాల్షియం తగ్గిందండీ." మోకాలి నొప్పికైనా, నడుం నొప్పికైనా అదే మాట. నేను వాదానికి దిగను. కానీ ఎముక కట్టుబడిలో కాల్షియం వంతు రెండోది. మొదటిది కొలాజెన్ అనే ప్రోటీన్‌ది. ఖనిజాన్ని పక్కన పెడితే ఎముకలో మిగిలే పదార్థంలో దాదాపు 90 శాతం అదే. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఫిబ్యులా ఎముకను పలుచని ఆమ్లంలో కొన్నాళ్లు నానబెట్టి చూపిస్తారు. కాల్షియం కరిగిపోయినా ఎముక ఆకారం చెదరదు. వంచి ముడి కూడా వేయొచ్చు. అదే ఎముకను నిప్పులో కాలిస్తే కొలాజెన్ పోయి కాల్షియం మిగులుతుంది. అప్పుడది వేలితో నొక్కితే పొడైపోతుంది.

ఏది ముందో, ఏది వెనకో ప్రయోగశాలలో కళ్లారా చూడొచ్చు. తుంటి మార్పిడి ఆపరేషన్‌లో తీసేసిన ఎముకను సన్నగా తరిగి, కడిగి, పోషక ద్రవంలో వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచితే, ముక్కల అంచుల నుంచి కణాలు మెల్లగా బయటికి పాకుతాయి. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులు ఇవే. కొన్ని వారాలకు ఒకదాన్నొకటి ఆనుకుని పళ్లెం అడుగున పొరగా పరుచుకుంటాయి. ద్రవంలో కాల్షియం మొదటి రోజు నుంచీ ఉంటుంది. అయినా ఎముక జాడ ఉండదు.

అప్పుడు మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల చొప్పున విటమిన్ సి చేరుస్తారు. కణాల చుట్టూ కొలాజెన్ పోగులు పేరుకోవడం మొదలవుతుంది. ఫాస్ఫేటు అందించే బీటా గ్లిసరోఫాస్ఫేటు కూడా కలిపితే, మరికొన్ని వారాలకు ఆ పోగుల మీద ఖనిజం దిగుతుంది. అలిజరిన్ రెడ్ రంగు పోస్తే అది ఎర్రని మచ్చలుగా తేలుతుంది. చిక్కల్లా విటమిన్ సి తోనే. ఆ వెచ్చదనానికి అది ఎక్కువసేపు నిలవదు. అందుకే రెండు మూడు రోజులకోసారి ద్రవం మారుస్తారు, లేదా ఫాస్ఫేటు తగిలించిన నిలవుండే రకాన్ని వాడతారు.

విటమిన్ సి పనేమిటి? కొలాజెన్ అణువు మూడు పాయల జడ. ఒక్కో పాయలో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు. వాటిలో ప్రతి మూడోదీ గ్లైసిన్. అన్నింటికంటే చిన్నది కాబట్టి జడ నడిమి ఇరుకులో అదొక్కటే ఇముడుతుంది. ప్రోలిన్ అనే మరో ఆమ్లానికి హైడ్రాక్సిల్ తగిలించే ఎంజైము విటమిన్ సి లేకుండా పనిచేయదు. ఆ పని జరగని జడ ఒంటి వేడికే విడిపోతుంది. కొలాజెన్‌ది మూడు పాయల నిర్మాణమని 1954లో ప్రతిపాదించినవారు మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. కొలాజెన్ కోసం వాళ్లు దూరం వెళ్లక్కర్లేకపోయింది. తోలులో ఉండేదీ కొలాజెనే, కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ పక్కనే ఉంది. తర్వాతి కాలంలో మన తెనాలి ప్రాంతపు యలవర్తి నాయుడమ్మ డైరెక్టరైన సంస్థ అది.

ఈ సంగతి నాకు బాగా ఒంటబట్టింది ఒక ఐదేళ్ల బాబు వల్ల. నెల రోజులుగా కాలు కింద పెట్టడం లేదని ఎత్తుకొచ్చారు. కీళ్లవాతమేమోనని ఒకచోట, రక్త కేన్సరేమోనని మరోచోట పరీక్షలు అయ్యాయి. మోకాలి దగ్గరికి చేయి వెళ్తేనే ఏడుపు. చిగుళ్లు ఉబ్బి ఊదారంగుకు తిరిగాయి. ఎక్స్‌రేలో తొడ ఎముక చివర చిక్కటి తెల్లగీత, దాన్ని ఆనుకుని నల్లని పట్టీ.

"ఏం తింటాడమ్మా?"

"పాలు, బిస్కెట్లేనండీ. ఇంకేం పెట్టినా ఉమ్మేస్తాడు."

ఆటిజం ఉన్న పిల్లాడు. రోజుకు లీటరు పాలు తాగుతున్నాడు కాబట్టి కాల్షియానికి లోటు లేదు. పండు, కూర మాత్రం ముట్టడు. అది స్కర్వీ, విటమిన్ సి లోటు వల్ల వచ్చే జబ్బు. విటమిన్ సి మొదలుపెట్టిన వారంలోపే నొప్పి తగ్గి కాళ్లు చాపాడు. కొన్ని వారాలకు నడిచాడు. కాల్షియం ఉన్నా పని ఆగిపోయిన ఆ పళ్లెంలోని కణాల పరిస్థితే వాడి ఎముకలదీ.

నా దగ్గరికొచ్చిన ఒక రెండేళ్ల పాప సంగతి వేరు. అప్పటికే తొడ ఎముక రెండుసార్లు విరిగింది. కంటి తెల్లగుడ్డు నీలంగా ఉంది. "కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం బిళ్లలు వేసుకోమంటే పారేసింది డాక్టరుగారూ" అంది నాయనమ్మ. కోడలు తల దించుకుంది. జన్యు పరీక్షలో తేలిందేమంటే, ఒక పాయలో ఒక్క గ్లైసిన్ స్థానంలో వేరే ఆమ్లం చేరింది. పెళుసు ఎముకల జబ్బు, ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా. పూర్వం ఈ నిర్ధారణకు చర్మం ముక్క తీసి, అందులోని కణాలను పెంచి, అవి చేసిన కొలాజెన్‌ను పరీక్షించేవారు.

ఇందులో వింత ఒకటుంది. మంచి కొలాజెన్ సగమే తయారయ్యే పిల్లలకు జబ్బు సాధారణంగా తేలిగ్గా ఉంటుంది. సరిపడా తయారవుతూ అందులో చెడు పాయ కలిసినవాళ్లకే గడ్డుకాలం. జడలో రెండు పాయలు ఒకే రకానివి కాబట్టి, ఆ రకంలో సగం చెడితే నాలుగింట మూడు జడల్లో చెడు పాయ చేరుతుంది. పాపది ఈ రెండో కోవ. జోలెడ్రోనేట్ ఎక్కిస్తున్నాం. దానివల్ల ఎముక అరుగుదల తగ్గి మందం పెరుగుతుంది గానీ జడ అల్లిక మారదు. వంగిన ఎముకల్లోకి రాడ్ వేస్తాం.

నాయనమ్మను కూర్చోబెట్టి, కోడలి ముందే చెప్పాను: ఏ బిళ్లా దీన్ని ఆపేది కాదు, ఈ తప్పు ఎవరిదీ కాదు అని. కాసేపటికి పాప తండ్రి రెండో బిడ్డ గురించి అడిగాడు. దంపతులిద్దరి రక్తంలోనూ ఆ మార్పు లేదు కాబట్టి మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. కానీ సున్నా కాదు, ఎందుకంటే అరుదుగా తల్లి అండాల్లోనో తండ్రి వీర్యకణాల్లోనో కొన్నింటిలో మాత్రమే అది దాగి ఉండొచ్చు. ఈసారి గర్భం నిలవగానే రమ్మన్నాను. మూడో నెలలో మావి ముక్క తీసి చూస్తే సంగతి తెలుస్తుంది.