మోచేతి లోతు

16 నవంబరు 2024, శనివారం

తేలినీలాపురం. టెక్కలిలో బస్సు దిగి, ఆటోలు మాట్లాడుకుని వచ్చేసరికి ఎనిమిదైంది. తొమ్మిదో తరగతి పిల్లలు 24 మంది, తెలుగు టీచరుగారు, నేను.

చెట్టుకి నలుగురు చొప్పున నిలబెట్టి ఒక్కటే పని అప్పజెప్పాను. ఎన్ని పక్షి గూళ్లున్నాయో లెక్కపెట్టాలి, పక్కవాళ్లని అడక్కూడదు. ఒకే చింతచెట్టుకి నాలుగు జవాబులొచ్చాయి: 11, 14, 17, మళ్లీ 14. బళ్లో అయితే ఒకటి రైటు, మిగతావి తప్పు. ఇక్కడ ఏది రైటో నాకూ తెలీదు. పిల్లలు నా ముఖం చూశారు. మళ్లీ లెక్కపెడదాం అన్నాను. 11 అన్నవాడు చెట్టుకి ఒక పక్కనే నిలబడ్డాడు. 17 అన్న అమ్మాయి పాత గూళ్లు కూడా కలిపేసింది. ఇది తేలడానికి ముప్పావుగంట పట్టింది. మరి పక్షి లేని గూడు గూడేనా, కాదా? ఆ గొడవ ఇంకో అరగంట. చివరికి ఆ అమ్మాయే నోటు పుస్తకంలో నిలువుగా గీత గీసింది. ఇటు పక్షి ఉన్నవి, అటు లేనివి. ఆ గీత నేను గీయించింది కాదు.

అదే రోజు, రాత్రి

ఊళ్లో అందరూ ఇక్కడి పక్షుల్ని సైబీరియా పక్షులనే అంటారు. నా చిన్నప్పటి నుంచీ అదే మాట. కానీ ఇక్కడ గూళ్లు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియావే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి కదులుతూ, మన దేశంలోనే పిల్లల్ని పెంచుకునే జాతులు. పిల్లలకి దారిలో ఇది చెప్పాను. ఒకడు ఆగలేక, చెట్టు కింద కూర్చున్న పెద్దాయనతో అనేశాడు. ఆయన నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాను.

“ఎక్కడివైతే ఏటి బాబూ! మా ఊరి ఆడపిల్లలు పురిటికొచ్చినట్టొస్తాయి. పిల్లల్నెత్తుకుని ఎల్లిపోతాయి” అన్నాడు.

తర్వాత తిత్లీ తుఫాను సంగతి చెప్పాడు. 2018 అక్టోబరు 11, తెల్లవారుజాము. ఈ పిల్లలకి అప్పుడు ఏడెనిమిదేళ్లు. వాళ్లకి గుర్తున్నది కరెంటు లేని రోజులు, పడిపోయిన కొబ్బరిచెట్లు. గూళ్లున్న చెట్లూ కూలాయనీ, పక్షులూ చచ్చిపోయాయనీ వాళ్లు ఇవాళే విన్నారు. పెద్దాయన చెబుతున్నంతసేపూ ఎవరూ కదల్లేదు.

7 డిసెంబరు

2020 జాతీయ విద్యా విధానంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు బడిసంచి లేకుండా వడ్రంగుల దగ్గరా, తోటమాలుల దగ్గరా, కుమ్మరుల దగ్గరా పని నేర్చుకోవాలని. మా పిల్లలు తొమ్మిదికొచ్చేశారు. అయినా ఆ మాట పట్టుకుని అనుమతి కాగితం పెట్టాను. “విహారయాత్ర” అన్న గడిలో టిక్కు పెట్టమన్నారు. కాదు, పని చెయ్యడానికి వెళ్తున్నాం అన్నాను. దానికి గడి లేదన్నారు.

4 జనవరి 2025

పొందూరు. సన్నఖద్దరు నూలు తీసే ఒక ఇంటి అరుగు మీద గంటన్నర.

వాలుగ చేప దవడని పిల్లలు చేతుల్లోంచి వదల్లేదు. సన్నటి పళ్లు, బారుగా, దువ్వెనలాగ. దాంతో గింజ మీది పత్తిని గీరితే నలకలన్నీ పోయి పోగులు ఒకే వాటుకి వస్తాయి. రాజమండ్రి వైపు నుంచి తెప్పించుకుంటారట. తర్వాత గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. “చేప పళ్లతో చీరా!” అన్నాడొకడు. వాడి నోరు అలాగే ఉండిపోయింది.

వందో నంబరు నూలంటే ఏమిటని ఎవరో అడిగారు. ఇంగ్లీషు కౌంటు ప్రకారం, ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్నో నంబరు. లెక్క కట్టమన్నాను. 84,000 గజాలు. 77 కిలోమీటర్లకి కొంచెం తక్కువ. శ్రీకాకుళంలో మొదలెడితే విజయనగరం దాటిపోతుంది, అదీ అరకిలోకి తక్కువ పత్తితో. నల్లబల్ల మీద ఇదే గుణకారం వేస్తే ఎవరూ తలెత్తేవారు కాదు.

నూలు తీసే ఆవిడ ఒక్కొక్కరి చేతా రాట్నం తిప్పించింది. అందరిదీ తెగింది. గీత గీసిన అమ్మాయిది మరీ ఎక్కువ. ఏడుపు ముఖం పెట్టింది. “తెగితే అతుకెయ్యాల, అంతేగదమ్మా” అని ఆవిడ దాని వేళ్లు పట్టుకుని అతుకు వేయించింది. ఆ పిల్ల ఆరో తరగతి నుంచి నా దగ్గరే చదువుతోంది. తప్పు చేసినప్పుడు నేనెన్నడూ అంత నిదానంగా దాని చెయ్యి పట్టుకోలేదు.

బయల్దేరేముందు ఒకడు రోజుకెంత వస్తుందని అడిగాడు. అడగకూడదేమో అని టీచరుగారు కంగారుపడ్డారు. ఆవిడ మామూలుగానే చెప్పింది. తిరుగు బస్సులో చూస్తే, వాడి పుస్తకంలో 77 పక్కన ఆ అంకె వేసి ఉంది. రెండింటి చుట్టూ సున్నా చుట్టాడు.

25 జనవరి

సాలిహుండం. కొండెక్కాం, స్తూపాలు చూశాం, ఫొటోలు దిగాం. పిల్లల చేతికి నేనేమీ పని ఇవ్వలేదు. పన్నెండుకే ఆకలన్నారు. తప్పు నాదే. వట్టినే చూసి వచ్చేదానికి పాఠమని పేరు పెట్టకూడదు.

దిగేటప్పుడు మాత్రం ఒకడు, ఇంత ఎత్తున ఎందుకు కట్టుంటారు మాస్టారూ అని ఆగాడు. కింద వంశధార, దూరంగా అది కలిసే సముద్రం, కళింగపట్నం. ఒకప్పటి రేవు. ఓడ మీద వచ్చేవాడికి ఏది ముందు కనబడుతుందో నువ్వే చెప్పు అన్నాను. ఇంకా చెప్పలేదు. చెబుతాడు.

8 ఫిబ్రవరి, అర్ధరాత్రి దాటాక

రాత్రిపూట సముద్రం ఒడ్డుకి ఆడపిల్లల్ని పంపం అన్నారు ఇళ్లల్లో. సహజమే. వాళ్లు లేకుండా వెళ్లనన్నాను. చివరికి ఇద్దరు తల్లులు, ఒక నాయనమ్మ కూడా వస్తామన్నారు. తొమ్మిదిమంది పిల్లలు, పెద్దలం, అటవీశాఖ తాబేళ్ల హేచరీలో పనిచేసే ఇద్దరు మత్స్యకారులు. టార్చీలు ఆర్పేశాం. చీకట్లో ఇసుక కనబడ్డానికి కాసేపు పట్టింది.

మొదట కనబడింది చచ్చిన తాబేలు. పెద్దది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తాబేలుకి మొప్పలుండవు, మనలాగే ఊపిరితిత్తులు; వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక పోతుందని చెప్పాను. చెప్పాక గుర్తొచ్చింది, మాతో ఉన్నవాళ్లలో ఒకడి తండ్రి మరబోటు మీద పనిచేస్తాడు. వాడు వెనకబడ్డాడు. నేనూ వాడి పక్కనే నడిచాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంకో రెండు కిలోమీటర్లు. ఇసుకలో ట్రాక్టరు టైరు జాడలాంటిది కనబడింది. తాబేలు వచ్చి వెళ్లిపోయింది. మత్స్యకారుల్లో పెద్దాయన కర్ర దించి చూసి, ఇక్కడ అని కూర్చున్నాడు. నోటు పుస్తకం అమ్మాయిని తవ్వమన్నాడు. మోచెయ్యి దాకా దిగిపోయింది చెయ్యి. నిమ్మకాయంత గుడ్లు, మెత్తటి పెంకు. “పైది పైనే ఉండాల, తిరగెయ్యకు” అన్నాడు. ఎందుకో నేను చెప్పాను. పెట్టిన కొద్ది గంటలు దాటాక గుడ్డు తిరగబడితే లోపలి పిండం బతకదు. ఆయన మాట నాలుగు ముక్కలు. నాది పేజీడు. గుడ్డు చేతిలో ఉన్నప్పుడు ఆయన మాటే పనికొచ్చింది.

పిల్లలు పదులు పదులుగా లెక్కపెట్టారు. 112. నాయనమ్మ పక్కన కూర్చుని తన లెక్క తను వేసుకుంది. “ఇరవై ఎనిమిది పుంజీలు” అంది. పుంజీ అంటే? పిల్లల్లో ఒక్కరికీ తెలీదు. నాలుగు, అంది. చేపలు అట్లాగే లెక్కపెట్టేవాళ్లమంది. నాలుగు ఇరవై ఎనిమిదులు వేసి చూశారు. సరిపోయింది. ఆవిడ శ్రీకూర్మం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

10 ఫిబ్రవరి

మరబోటువాళ్ల అబ్బాయి విరామంలో వచ్చాడు. “మా అయ్యని అడిగినాను మాస్టారూ. వల పైకి లాగేసరికే కొన్నిట్లో ఊపిరుండదంట. కావాలని సంపరంట.” తాబేలు బయటికి జారిపోయేలా వలకి అమర్చే చట్రం సంగతి చెప్పాను. దానివల్ల చేపలు కూడా పోతాయా అనడిగాడు. కొన్ని పోవచ్చు అన్నాను. వాడు తలూపి వెళ్లాడు. నిజం దాచి జవాబు చెప్పడం నావల్ల కాలేదు.

22 ఫిబ్రవరి

ఆ గుడ్లు పూడ్చిన హేచరీ గుంత పక్కన థర్మామీటరు. వారానికిద్దరు చొప్పున వంతులు. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయని విన్నప్పటి నుంచి ఎవరూ వంతు ఎగ్గొట్టడం లేదు. పరీక్షల ముందు ఇదేమిటని ఒక తండ్రి వచ్చి కోప్పడ్డాడు. వాళ్లమ్మాయి గీసిన ఉష్ణోగ్రతల గ్రాఫు చూపించాను. చాలాసేపు చూసి, “ఇది మా పిల్ల రాసిందా” అన్నాడు. కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ వారం ఆయనే బండి మీద తీసుకొచ్చి దింపాడు.

1 ఏప్రిల్

యాభై రోజులు దాటాయి. తెల్లవారుజామున కబురొచ్చింది. గుంత మీది ఇసుక ఉడుకుతున్న అన్నంలాగ కదులుతోంది.

తాబేలు పిల్లల్ని నీళ్లకి కాస్త దూరంగా వదిలారు. చేతుల్తో తీసుకెళ్లి అలలో పడెయ్యకూడదు, నడవాలి. ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోలేదు. ఒక్కొక్కటీ వెలుతురు వైపు ముఖం పెట్టి, అడుగుల గుంటల్లో పడి, లేచి వెళ్లింది.

తర్వాత గుంత తవ్వి చూశారు. పొదగని గుడ్లు ఆరు. లోపలే చచ్చిపోయినవి తొమ్మిది. ఆ అమ్మాయి మళ్లీ నిలువు గీతలు గీసింది. ఈసారి మూడు గళ్లు. ఆరూ తొమ్మిదీ కలిపి ఒకే గడిలో వేసెయ్యమన్నాడు మరబోటువాళ్ల అబ్బాయి, రెండూ బతకనివే కదా అని. కుదరదు, అవి వేరు ఇవి వేరు అంది. వాడు పక్కన కూర్చుని కూడిక సరిచూశాడు.

నాయనమ్మ నీళ్ల అంచునే నిలబడి ఉంది. ఒక పిల్ల వెనకబడి, ఎండిన నాచులో చిక్కుకుని, దాన్ని విడిపించుకుని నెమ్మదిగా పోతోంది. అది అలలోకి వెళ్లిందాకా ఆవిడ నోరు విప్పలేదు.

“ఇరవై నాలుగు పుంజీలు,” అంది అప్పుడు. “ఒకటి.”