దీపావళి వేకువ, మా మణి



దీపావళి కలయిక గురించి మన గ్రూపులో మాటలు నడుస్తున్నాయి. మండపం ముందర పదివేల సరం పేల్చాలని చిన్నవాళ్ళ ఆశ. వీధిలో కుక్కలు ఉన్నాయి, కొంచెం చూసుకోండి అని నేను ఒక మాట రాశాను. "కుక్క కోసం పండగ మానుకుంటామా అన్నా?" అని ఒక తమ్ముడు నవ్వు బొమ్మ పెట్టాడు. నాకేమీ కోపం లేదు. 2014కి ముందైతే నేనూ అదే అడిగి ఉంటాను.

నేను విరుదునగర్‌లో పార్సిల్ క్లర్కుగా ఉన్నప్పుడు, టిఫిన్ క్యారియర్ వెంట పడి ఇంటిదాకా వచ్చిన వీధి కుక్కపిల్ల మా మణి. (తమిళనాట మణి అనే కుక్క లేని వీధి ఏది? తెలుగువాళ్ళ ఇంట చేరినా పేరు అదే.) శివకాశి పక్కనే గనుక మా ఇంట్లో పట్టాసులకు కొదవ లేదు. ఆ ఏడు దీపావళికి తెల్లవారుజామున నాలుగింటికే నలుగు, నూనె స్నానం, లేహ్యం అన్నీ అయ్యాయి. చుట్టాలు వస్తారు, కొత్త బట్టల మీద ఎగబాకుతుందని మణిని పెరట్లో కొళాయి గొట్టానికి నైలాన్ తాడుతో నేనే కట్టాను. వాకిట్లో మా అబ్బాయి సరం అంటించాడు. అది ఆగి, పొగ తగ్గి, కాఫీ తాగి పెరట్లోకి పోయి చూస్తే తాడు ముక్క మాత్రం ఉంది.

రెండు రోజులు పట్టాల వెంబడి తిరిగాను. రైలు కింద పడిందేమోనని చెప్పలేక, ఊరికే నడకకు పోతున్నానని ఇంట్లో అబద్ధం చెప్పాను. మూడో రోజు పొద్దున ఒక కీమ్యాన్ వచ్చి, లైను కింద తూములో ఏదో కుక్క ఉంది సార్ అన్నాడు. మణే. మెడకు తాడు కోసుకుపోయి ఉంది, ముందు కాలి గోరు ఊడిపోయింది. "మణీ" అని పిలిచాను. నా గొంతు వింటే ఎంత దూరాన ఉన్నా పరుగెత్తుకొచ్చే కుక్క, ఇంకా లోపలికి జరిగింది.

ఆ తరువాత చచ్చేదాకా దానికి కుక్కర్ విజిల్ అన్నా భయమే.

పార్సిల్ ఆఫీసులో ఎన్ని కుక్కలను బుక్ చేశానో. బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్సులోకి ఎక్కించేటప్పుడు ఇంజను హారన్ కొడితే అవి వణికేవి. రసీదు సరిగా ఉందా అని మాత్రం చూశాను.

పశువుల డాక్టరు తరువాత చెప్పారు. మనిషికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకు 40 వేలు దాటినా వినపడుతుంది. మనం నిప్పు పెట్టి దూరంగా నిలబడతాం, చప్పుడు వస్తుందని మనకు ముందే తెలుసు. దానికి తెలియదు. పారిపోయే దారి కూడా లేకుండా కట్టేస్తే భయం రెండింతలు.

అందుకని, ఇంట్లో ప్రాణి ఉన్నవాళ్ళు పండగ పూట కట్టేయకండి. వీధికి దూరంగా ఉన్న గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, టీవీ పెట్టి, అది రోజూ పడుకునే పాత దుప్పటి పరచండి. మంచం కింద దూరితే లాగకండి, పిల్లి అయితే అసలు కదిలించకండి. ఒళ్ళో తల పెడితే నిమరండి. ముద్దు చేస్తే భయం ఎక్కువౌతుందనేది ఉత్త మాట. మన ఇంటి నిద్ర మాత్రలు మాత్రం ఇవ్వవద్దు. కొన్ని మత్తు మందులు ఒళ్ళు కదలకుండా చేస్తాయంతే, భయం లోపల అలాగే ఉంటుంది. బాగా భయపడే కుక్క అయితే పండగకు కొన్ని వారాల ముందే డాక్టరును అడగాలి. మెడ పట్టీ మీద మీ ఫోను నంబరు రాయండి. కిస్‌మిస్ వేసిన లడ్డు, చాక్లెట్ కుక్కకు విషం, పిల్లలకు చెప్పి ఉంచండి.

ఇంకొక సంగతి. ఆంధ్రాలో ఉన్న చుట్టాలు, చీకటి పడక ముందే కుక్కను బయట తిప్పి తీసుకొస్తే చాలు అంటారు. వాళ్ళకు చప్పుడు రాత్రికే. మనకు నరక చతుర్దశి వేకువనే మొదలు. 2018 నుంచి మన రాష్ట్రంలో పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది అని సమయం పెట్టారు గాని, నాలుగింటికే నిద్ర లేపే వీధి మాది. ఇప్పుడు మా అమ్మాయి కుక్క మా దగ్గర ఉంది. దాన్ని మూడున్నరకే గొలుసు వేసి తిప్పి తెస్తాను, నూనె స్నానం ఆ తరువాతే. మా ఆవిడ సణుగుతుంది.

పట్టాసులు వద్దని నేను అనను. శివకాశి, సాత్తూరు పక్కల ఆ పనితో బతికే కుటుంబాలు మనవాళ్ళలోనే ఉన్నాయి. కాని శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల కోసం కొల్లుకుడిపట్టి ఊరివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా దీపావళికి పట్టాసు కాల్చరు. అది ఊరంతా చేసిన పని. నేను అడిగేది అంత కాదు. సరం మండపం వాకిట్లో వద్దు, వెనక మైదానంలో పెట్టుకుందాం. సాయంత్రం ఏడు తరువాత ఒక్కసారే. ఏ నిమిషానికి అంటిస్తారో పొద్దునే గ్రూపులో రాయండి, కుక్క ఉన్నవాళ్ళు లోపల పెట్టుకుంటారు. మండపం పక్క సందులో రెండు మూడు వీధి కుక్కలు ఉన్నాయి, ఆ పూట వెనక గేటు తీసి ఉంచి ఒక తొట్టిలో నీళ్ళు పెట్టించే పని నాది.

నవ్వు బొమ్మ పెట్టిన తమ్ముడూ, ఆ రోజు కొంచెం ముందే రా. తొట్టి ఒక్కడినే మోయలేను.