ఓడ దిగినవాళ్లకు ఏం చూపిద్దాం?

విహార నౌక దిగిన మనిషికి విశాఖపట్నంలో ఒక్క పగలు దొరికితే ఏమేం చూడొచ్చో రాసి పంపమన్నారు సంపాదకులు. చూసి రాద్దామని బయలుదేరాను. పుట్టపర్తి పక్కన మా కొత్తచెరువు దగ్గరున్న ప్రశాంతి నిలయం స్టేషన్లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా విశాఖలో దిగొచ్చు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లావాళ్లం. సముద్రం పేరు చెబితే ఇప్పటికీ నాకు ప్రాణం లేచి వస్తుంది.

నేను వెళ్లిన ఆశ్వయుజంలో రేవులో విహార నౌక ఏదీ లేదు. తూర్పు తీరానికి అది తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఏం చేసిందో ఇక్కడ ఎవరిని కదిపినా చెబుతారు. ఓడలు మాత్రం వస్తూనే ఉన్నాయి. 2022 జూన్ 8న ఎంప్రెస్ అనే విహార నౌక వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రెండు వేల మంది ప్రయాణికులకు సరిపోయే కట్టడం. 2024 ఏప్రిల్ 28న ‘ది వరల్డ్’ అనే విదేశీ నౌక ఆగింది.

దిగినవాళ్లను సాధారణంగా తిప్పే చోట్లు కైలాసగిరి, సింహాచలం, బీచ్ రోడ్డు. నేనూ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి దిగాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. చూడదగ్గదే. అక్కడి నుంచి కైలాసగిరికి పోవాల్సినవాణ్ణి ఫిషింగ్ హార్బర్‌కు పోయాను. ఆ రోజంతా ఇక అక్కడే గడిచింది.

వేలంపాట అప్పటికే అయిపోయింది. మరపడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. గట్టు మీద, పరదా పట్టా కట్టుకున్న నీడలో, ఒక ముసలాయన ఆకుపచ్చ వల ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వల అంచును కుడికాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టుకున్నాడు. చేతిలో నైలాన్ దారం చుట్టిన వల సూది.

“కూకో బాబూ. నిలబడితే ఏటి కనిపిస్తాది?” అన్నాడు.

కూర్చున్నాను. జానెడు చిరుగు ఉంది. కుట్టడం మొదలుపెడతాడనుకుంటే కత్తి తీసి ఇంకా కోశాడు. తెగిన పోగులన్నీ ఏరి, చిక్కులు కత్తిరించి, జానెడు చిరుగును మూరెడు చేశాడు. నాకు గుండె కలుక్కుమంది. “చిరిగినకాడే కట్టేత్తే నిలబడదు. బాగున్న కన్ను దొరికేదాకా కోసుకెల్లాల,” అన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో దానికీ లెక్క ఉంది. ముడి నుంచి మూడు పోగులు గట్టిగా ఉన్నచోట మొదలుపెట్టి, మళ్లీ అలాంటి చోటే ముగించాలి. మధ్యలో ఒక్క కన్ను ఎక్కువైనా తక్కువైనా వల ఒకవైపు లాగుతుంది. లాగిన చోటే మళ్లీ చిరుగుతుంది.

ఆ తర్వాత ఆయన చేతిని చూస్తూనే ఉండిపోయాను. సూది వల కన్నులోకి దూరుతుంది, ఎడమచేతి బొటనవేలు ముడిని నొక్కుతుంది, దారం ఒక వలయం తిరుగుతుంది, బిగుస్తుంది. కొలత కర్ర పెట్టుకోలేదు. వేళ్లే కొలత. కొత్త కన్నులు పాత కన్నుల పక్కన ఒకే పరిమాణంలో వచ్చి కూర్చున్నాయి. మా పక్క ధర్మవరం మగ్గాల మీద తెగిన పట్టుపోగు అతికే నేతగాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి. చేతికి ఇంత తెలివి ఉండటం నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు ఒళ్లు పులకరించింది.

ఇప్పుడు వల యంత్రం మీదే వస్తుంది, బట్టల తానులాగా. కానీ ట్రాల్ వల సంచి ఆకారంలో ఉండాలి, నోరు వెడల్పుగా, తోక సన్నగా. ఆ సన్నం చేయడానికి ఎన్ని వరసలకొకసారి రెండు కన్నులు కలిపి ఒక్కటి చేయాలో లెక్కుంది. పై అంచుకు బెండ్లు, కింది అంచుకు బరువులు ఎంతెంత దూరంలో కట్టాలో లెక్కుంది. అదంతా ఆయన తలలో ఉంది. ఆయన దగ్గర కాగితమేమీ లేదు.

“ఏ ఊరు బాబూ?”

“పుట్టపర్తి పక్కన కొత్తచెరువు తాతా. చెరువు నిండేదే కష్టం మాకు.”

“మరి నీకు వల మీద ఇంత ఇదేటి?”

సమాధానం వెంటనే చెప్పలేకపోయాను. పక్కన పని చేస్తున్న నడివయసు మనిషి అందుకున్నాడు. “పోటోలు తీసుకుంతారండి శానామంది. బోట్లకి తీత్తారు, సేపలకి తీత్తారు. ఈ పనేటని అడిగినోడు లేడు. మా కుర్రోలే అడగరు. గంటసేపు కూకోమంటే కూకోరు.”

ఆ మాట నాతో పాటు వచ్చేసింది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. పడవలన్నీ గట్టుకు చేరతాయి. ఏడాదికి సరిపడా వల పని చాలావరకు అప్పుడే జరుగుతుంది. పైన చెప్పిన రెండు నౌకల తేదీలు చూడండి, జూన్ 8, ఏప్రిల్ 28. రెండూ నిషేధ కాలమే. ఈ పని ఏడాదిలోకెల్లా జోరుగా సాగే రోజుల్లోనే ఓడల్లో వచ్చిన యాత్రికులు ఇదే ఊళ్లో దిగారు. వాళ్లకు చూపించడానికి మనకు కొండలు, గుడులు, బీచ్ గుర్తొచ్చాయి. చేతిపని గుర్తురాలేదు.

ఇది విశాఖకే ఉన్న జబ్బు కాదు. పుట్టపర్తికి దేశదేశాల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది దశాబ్దాలుగా మా ఊరి మీదుగా పోతున్నారు. పక్కన ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. మేకతోలు గీకి, గీతలు చెక్కి, రంగులద్ది తోలుబొమ్మలు చేసే కుటుంబాల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా కారు ఆ దారికి మళ్లించే యాత్రికులు తక్కువే. గుర్తింపు ఉన్న కళ గతే ఇది. వల పనిని ఎవరూ కళ అనలేదు, బహుమతి ఇవ్వలేదు. 2023 నవంబర్ 19 రాత్రి ఈ హార్బర్‌లో మంటలు లేచి చాలా బోట్లు దెబ్బతిన్నప్పుడు నష్టం బోట్లలో లెక్కించాం. కాలిపోయిన బోటును డబ్బుతో మళ్లీ కట్టొచ్చు. ఆ తాత తలలోని లెక్క ఆయనతో పోతే ఏ డబ్బూ తేలేదు.

హార్బర్ ఆధునికీకరణకు 2022 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. రోజుకు 150 టన్నుల చేపల సామర్థ్యాన్ని 300 టన్నులకు పెంచాలని లక్ష్యం. చాలా మంచిది. ఆ చేప వలలో పడాలి, ఆ వలను ఎవరో ఒకరు బాగుచేయాలి.

అందుకే సంపాదకులు అడిగిన జాబితాలో నేను ఒక్క చోటే రాసి పంపుతున్నాను. నౌకల యాత్రలు నడిపేవాళ్లకు నా విన్నపం: మీ బస్సును గంటసేపు ఫిషింగ్ హార్బర్ గట్టు దగ్గర ఆపండి. వల పనివాళ్లకు ఆ గంటకు కూలి కట్టివ్వండి, ఊరికే చూడొద్దు. మత్స్యశాఖవాళ్లకు ఇంకొక్కటి: వచ్చే నిషేధ కాలపు 61 రోజుల్లో పదిమంది కుర్రాళ్లకు భత్యమిచ్చి ఆ తాత లాంటివాళ్ల పక్కన కూర్చోబెట్టండి. వాళ్లు చెప్పే లెక్కలు రాయించండి.