గోడలో గజాలు

ఇల్లు పెంచాలనుకున్నవాళ్లు ముందు పక్కనున్న ఖాళీ జాగా చూస్తారు. అది లేకపోతే పైకి చూస్తారు. పైనా కుదరకపోతే అప్పుడు గోడ మీద కన్నుపడుతుంది. హుస్నాబాద్‌లో పాత పెంకుటిళ్లున్నవాళ్లకు ఈ మూడోది ఉత్త ఆశేం కాదు. మట్టిగోడ మూరెడు మందం, అంటే 18 అంగుళాలు. దాన్ని తీసి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపితే 13.5 అంగుళాలు మిగులుతాయి. 30 అడుగుల పొడవు గోడకైతే అది గజాల్లో మూడుముప్పావు. 2020 నాటి చట్టం 75 గజాల లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తు దాకా కట్టే ఇంటికి అనుమతి అక్కర్లేదంది, రూపాయితో నమోదు చేసుకుంటే చాలంది. నిండా 75 గజాలున్న జాగాలో మూడుముప్పావు గజాలంటే సరిగ్గా ఇరవయ్యో వంతు. కాగితం మీద అంగుళం పెరగకుండానే! 

అయితే పాత గోడ ఊరికే లావెక్కి కూర్చోలేదు. దాని కడుపులో గూళ్లుండేవి. దీపానికొకటి, దర్వాజ పక్కన లెక్కల పుస్తకానికీ కళ్లద్దాలకూ ఒకటి, వంటింట్లో ఉప్పుకూ పప్పుకూ రెండు మూడు. పైన చిలుకకొయ్యలకు బట్టలు. ఇంట్లో సామానంతా గోడలోనే ఉండేది, అర్ర నడుమ మనుషులకు మిగిలేది. ఇప్పుడు గోడ సన్నమైంది, గిలాబు నున్నగా వచ్చింది, రంగూ పడింది. సామాను ఎక్కడికి పోవాలి? ఇనుప బీరువా దిగింది. అది తీసుకునేది 18 అంగుళాలు, దాని తలుపులు తెరవడానికి ఇంకో అడుగున్నర. మిగిల్చింది 13.5, ఇచ్చేసింది 18. ఈ తీసివేత చేసి చూసుకునేవాళ్లు నాకైతే కనబడలేదు.

అందుకే నా ఓటు గోడను సన్నం చేయడానికి కాదు, దానికి పని చెప్పడానికి. పిల్లర్లు 9 అంగుళాలు, గోడ నాలుగున్నర అయినప్పుడు గోడను పిల్లరు బయటి అంచుకు కలిపి కట్టిస్తే లోపల రెండు పిల్లర్ల మధ్య నాలుగున్నర అంగుళాల లోతు దొరుకుతుంది. షాబాదు బండలు అడ్డంగా వేయిస్తే డబ్బాలకూ సీసాలకూ దేవుడి పటాలకూ అదే చాలు. రెండు అర్రల నడుమనైతే గోడే అక్కర్లేదు. అల్మారాలనే అడ్డం నిలిపి సగం ఇటు, సగం అటు తెరుచుకునేట్టు చేయించవచ్చు. అవతలివాళ్ల మాటలు వినబడతాయి, అది వేరే సంగతి. తలుపు కూడా దొంగే. మూడడుగుల రెక్క తెరిస్తే నేల మీద ఏడు చదరపు అడుగులు ఊడ్చేస్తుంది. అక్కడ కుర్చీ కూడా వేయలేం. పక్కకు జరిపే తలుపు పెట్టుకుంటే ఆ ఏడూ మనవే.

పడమటి గోడ జోలికి మాత్రం పోవద్దంటాను. మే నెల ఎండ వేడి రాత్రి పది దాకా లోపలికి రాకుండా ఆపేది ఆ మూరెడు మందమే. అది పోతే కూలర్‌కు మళ్లీ జాగా వెతకాలి. ఇక వాసాలు, దూలాలు ఏ గోడ మీద కూర్చున్నాయో చూడకుండా గడ్డపార ఎత్తడం పిచ్చిపని. కింద పిల్లర్లు లేపి, బీములు వేసి, బరువును వాటి మీదికి దించాకే పాత గోడను ముట్టుకోవాలి. కొత్త ఇటుకకూ పాత మట్టికీ అతుకు కుదరదు. మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, ఇటుక కదలదు. రెండేళ్లలో సరిగ్గా ఆ అతుకు దగ్గరే పగులు తేలుతుంది.

ఇన్నీ తెలిసిన సుతారి ఇంట్లో అడుగుపెట్టగానే టేపు తీయడు. గోడకు అవతల ఎవరుంటారని అడుగుతాడు. పంపకాల్లో ఒకే భవంతి రెండు ఇళ్లయిన చోట నడిమి గోడ ఇద్దరిదీ. ఇటు గూడు ఉన్నచోటే అటు కూడా గూడు ఉంటుంది. మధ్యలో మిగిలింది జానెడు మట్టి. మనవైపు చెక్కుకుంటూ పోతే గడ్డపార కొస అన్నగారి దేవుడి గూట్లో తేలుతుంది.

"పాలోళ్లను అడిగిన్రా సారూ?" అంటాడు సుతారి. లేదంటే ఆ రోజుకు సామాను సైకిలుకు కట్టేసుకుంటాడు.