కాటా, పారువేట, మార్చి లెక్కలు

శివరాత్రి దాటింది, ఎండ ముదురుతోంది. నంద్యాలలో శనగల లారీలు మొదలయ్యాయి, మా ఆఫీసు ఫోనూ మొదలైంది. ఆరుగురమే ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మాది. రైసుమిల్లులు, గోదాములు, విత్తనాల అంగళ్లు మా ఖాతాదారులు.

"సారూ, కాటా పలకడంలే!" పొద్దున్నే ఓ గుమాస్తా కేక. లారీ కాటా మీదే ఉంది, వెనక ఇంకో నాలుగు. కాటా బాగానే ఉంటుంది. ఊడ్చేటప్పుడు ఎవరో వైరు పీకి పక్క యూఎస్‌బీలో గుచ్చుంటారు. విండోస్ దానికి కామ్ 3 బదులు కామ్ 5 అని కొత్త నంబరిస్తుంది, మా ప్రోగ్రామేమో పాత నంబరు దగ్గరే కాచుక్కూర్చుంటుంది. కోడు రాసినవాడే బండెక్కి పోవాలి. పోతే చల్లటి మజ్జిగిస్తారు, డబ్బులు మాత్రం ఉగాది తర్వాతంటారు.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కించే ఒకాయన ఆర్డర్ల పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడు. కొత్తగా చేరిన అమ్మాయి విగ్రహం ఎత్తుకి ఒకటే గడి పెట్టింది. ఆయన చూసి, "3.5 అని కొడితే మూడున్నర అడుగులా, మూడడుగుల అయిదంగుళాలా? అంగుళం తేడా వస్తే రాయి పాయె తల్లీ" అన్నాడు. అక్కడికక్కడే రెండు గడులయ్యాయి. బెంగళూరులో ఉన్నన్నాళ్లూ నా కోడు వాడేవాళ్ల మొహం నేను చూసిందే లేదు.

ఆళ్లగడ్డ పనంటే 40 కిలోమీటర్లు బస్సో బండో. 2016లో వచ్చిన ఎర్రగుంట్ల రైలు బనగానపల్లె మీదుగా పోతుంది, ఆళ్లగడ్డకు పోదు.

సెలవుల సంగతి మరీ తమాషా. కనుమనాడు బయల్దేరిన అహోబిలం స్వాములు పారువేటకని దాదాపు 40 రోజులు ఊరూరా తిరుగుతారు. మావాళ్లిద్దరివి ఆ పల్లెలే. పల్లకి తమ ఊరికొచ్చే రోజు సెలవు అడగరు, చెప్పి పోతారు. ఆరోజు సర్వర్ పడితే ఇక నరసింహస్వామే దిక్కు.

ముందున్నది మార్చి. ఏప్రిల్ 1న అందరికీ బిల్లు నంబర్లు కొత్తగా మొదలెట్టాలి. జీఎస్టీ రూలు ప్రకారం ఆ నంబరు 16 అక్షరాలు దాటకూడదు. ఒక మిల్లు యజమానికి అందులో ఇలవేల్పు పేరు, ఊరిపేరు, సంవత్సరం అన్నీ కావాలి. పట్టవన్నా అంటే, "స్వామి పేరు కోస్తే ఎట్లప్పా? కావాలంటే ఊరు తీసెయ్" అన్నాడు. ఊరు తీసినా ఇంకా మూడు అక్షరాలు ఎక్కువే. బేరం నడుస్తోంది.