ఎవరిదా గొంతు?

మారేడుపల్లిలో మా వీధిలోకి ఎవరొచ్చినా నేను కిటికీ దాకా వెళ్ళనక్కరలేదు. గొంతే చెబుతుంది. కూరల బండాయన, పూలబ్బాయి, పాత సామాన్లాయన... ఇప్పుడు సగంమంది రికార్డు చేసిన గొంతే మైకులో తిప్పుతున్నారనుకోండి. అయినా పోల్చుకుంటాను.

అలాంటి నాకూ ఈ ఎండాకాలం ఓ పరీక్ష వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా కునుకు పట్టేవేళ, "ఆటలమ్మో..." అని సన్నటి కేక! మా అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "పిల్లలున్న ఇళ్ళు! ఈ ఎండల్లో ఆ తల్లి పేరెత్తుతారుటమ్మా ఎవరైనా?" ఎదురింటావిడ తలుపులు వేసేసుకుంది. రోజూ అదే కేక. బిచ్చగత్తె అని ఒకరు, సోదెమ్మ అని మరొకరు.

ఫిజిక్సు చదివే మా అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మా, నీకు ఎక్సోజెన్ వచ్చిందే!"

"అదేం జబ్బే?" అన్నాను.

జబ్బు కాదట. ఆకాశంలో అణువులు గిరగిరా తిరుగుతూ, ఆ తిరుగుడు ఒక మెట్టు తగ్గినప్పుడల్లా తమకే సొంతమైన రేడియో స్వరం ఒకటి వదులుతాయట. అదే స్వరాన్ని ముందు ఇక్కడ లాబొరేటరీలో విని రాసిపెట్టుకుంటే, పైన వినిపించినప్పుడు ఫలానా అని చెప్పొచ్చు. మన తెలుగాయన పుచ్చా వెంకటేశ్వర్లుగారు అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో గోర్డీగారితో కలిసి మిథైల్ ఆల్కహాలు స్వరాలు కొలిచి 1955లో ప్రకటించారు. 1970లో ధనూరాశి దిక్కు నుంచి ఆ ఆల్కహాలు పలకనే పలికింది!

అదే ఏడు 89 గిగాహెర్ట్జ్ దగ్గర ఏ పుస్తకంలోనూ లేని స్వరం ఒకటి వినిపించింది. పేరు తెలియక ఎక్సోజెన్ అన్నారు. హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ కలిసి, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువై ఉంటుందని క్లెంపరర్ అనే ఆయన ఊహించాడు. రుజువేదీ? అది సీసాలో నిలవుండే సరుకు కాదాయె. ఆకాశంలో ఒంటరిగా ఉంటుంది గనుక బతుకుతుంది. ఇక్కడ నలుగురిలో పడగానే మారిపోతుంది. కొత్త కోడలే పాపం! చివరికి విస్కాన్సిన్‌లో వుడ్స్ బృందంవారు గాలి తీసేసిన గొట్టంలోకి కాస్త హైడ్రోజన్, కాస్త కార్బన్ మోనాక్సైడ్ వదిలి, ట్యూబులైటులోలాగా కరెంటు పంపి, పుట్టింది పుట్టినట్టే దాని స్వరం విన్నారు. 1975లో తేలింది, ఊహ నిజమేనని.

"అంటే దగ్గరికెళ్ళి వినాలన్నమాట."

"అంతేనమ్మా!"

మర్నాడు మూడింటికి మేడ దిగాను. వేపచెట్టు కింద ఓ ముసలమ్మ, నెత్తిన వెదురు చాటల కట్ట. ముందు పళ్ళు లేవు. ఆవిడ అంటున్నది "చాటలమ్మో" అని. మొదటి అక్షరం చిగుళ్ళ దగ్గరే ఆగిపోతోంది.

"నెల దినాలాయె బిడ్డా, ఈ గల్లీల తిరుగుతున్న. ఒక్కలు పిలువలే" అంది.

రెండు చాటలు కొన్నాను. ఒకటి అత్తగారే స్వయంగా ఎదురింటికి పట్టుకెళ్ళారు.

ఆకాశంలో పిలిచినదాన్ని పోల్చుకోవడానికి వాళ్ళకి అయిదేళ్ళు పట్టింది. సీసాలో నిలవని సరుకు మరి. మా మేడకి ఇరవై రెండే మెట్లు. నాకు నెల పట్టింది.